సీఓడీ పరీక్షకు చిక్కని పంపు: కాలుష్య నియంత్రణ అధికారులకు బహిరంగ లేఖ

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ ఉన్నతాధికారులకు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండళ్ల అధ్యక్షులకు,

నమస్కారం.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా నోటిఫికేషన్ విడుదల చేసింది. బల్క్‌డ్రగ్ (మందుల ముడిసరుకు) పరిశ్రమలు శుద్ధి చేసి బయటికి వదిలే నీటిలో ఏ యాంటీబయాటిక్ ఎంత మించకూడదో చెప్పే పట్టిక అందులో ఉంది. మొత్తం 121 మందుల పేర్లు. ఆ పట్టిక గురించి ఇతర దేశాల శాస్త్రజ్ఞులు కూడా మెచ్చుకోలుగా మాట్లాడారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. బీఓడీ ఉంది, సీఓడీ ఉంది (నీటిలోని కాలుష్యాన్ని విడగొట్టడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలతలు ఇవి), యాంటీబయాటిక్‌ల పట్టిక మాత్రం లేదు.

మైక్రోబయాలజీ పాఠాలు చెప్పుకొని బతికినవాణ్ణి. పరిశ్రమల అర్థశాస్త్రం గురించి మీకు చెప్పేంతవాణ్ణి కాను. కానీ ఆ పట్టిక లేకపోతే ఏం జరుగుతుందో బ్యాక్టీరియా వైపు నుంచి చెప్పగలను. మీ ప్రమాణాలన్నీ ఒక ఊహ మీద నిలబడ్డాయి: విషం పలచబడితే ప్రమాదం తగ్గుతుందని. ఆమ్లానికి, ఉప్పుకు, రంగునీళ్లకు అది చాలావరకు నిజమే. యాంటీబయాటిక్ దగ్గరికి వచ్చేసరికి ఆ ఊహ కూలిపోతుంది. దాన్ని కూలదోసేవాటిలో ముఖ్యమైనది బ్యాక్టీరియా పొరలో ఉండే ఒక చిన్న యంత్రం. దాన్ని ఎఫ్లక్స్ పంపు అంటారు. లోపలికి వచ్చిన మందును బయటికి తోసేయడం దాని పని.

ముందు హైదరాబాదు పక్కనున్న పటాన్‌చెరు సంగతి. ఇది మీ ఫైళ్లలో ఉన్నదే. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 బల్క్‌డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలు అప్పట్లో ఆ కేంద్రానికి చేరేవి. శుద్ధి అయిపోయిన ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. 500 మిల్లీగ్రాముల సిప్రో మాత్ర మింగిన రోగి రక్తంలో ఆ మందు పతాకస్థాయిలో ఉన్నప్పుడు కూడా లీటరుకు రెండు, మూడు మిల్లీగ్రాములు మించదు. అంటే రోగి రక్తంలోకన్నా కాలువ నీటిలో పదిరెట్లు ఎక్కువ మందు ఉంది. ఒక్క రోజులో బయటికి పోయిన సిప్రో 45 కిలోలని ఆ బృందం లెక్కకట్టింది. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం అయిదు రోజుల్లో వాడే సిప్రోకు అది సమానం. తర్వాత రెండేళ్లకు వచ్చిన పరిశోధన చుట్టుపక్కల చెరువుల్లో, బావుల్లో కూడా మందుల ఆనవాళ్లు చూపింది. కాజీపల్లి చెరువు బురదలోని డీఎన్ఏ చదివినవాళ్లకు, మందులకు లొంగకుండా చేసే నిరోధక జన్యువుల రాశి కనిపించింది. ఇసకవాగు, నక్కవాగు పేర్లు తెలుగువాళ్లలో ఎందరికి తెలుసో గాని, యాంటీబయాటిక్ నిరోధకతపై పనిచేసే పరిశోధకులకు పటాన్‌చెరు పరిసరాలు బాగా పరిచయం. గర్వపడే పరిచయం కాదు.

ఇప్పుడు పంపు దగ్గరికి వస్తాను. కొంచెం ఓపిక పట్టండి, మీ ప్రమాణాల లోపం ఇక్కడే తెలుస్తుంది.

1980లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో లారా మెక్‌మర్రీ, స్టువర్ట్ లెవీ బృందం ఒక వింత గమనించింది. టెట్రాసైక్లిన్‌కు లొంగని ఈ.కోలై బ్యాక్టీరియా ఆ మందును ముక్కలు చేయడం లేదు, పాడుచేయడం లేదు. లోపలికి వచ్చినదాన్ని వచ్చినట్టే, శక్తి ఖర్చుపెట్టి మరీ, బయటికి పంపేస్తోంది. టెట్రాసైక్లిన్ పంపు ఒక మందుకో, దాని దగ్గరి చుట్టాలకో పరిమితం. తర్వాతి దశాబ్దంలో దొరికినవి అంతకన్నా కంగారు పెట్టాయి: ఒకే పంపు, ఒకదానితో ఒకటి ఏ పోలికా లేని పదుల రకాల అణువులను తోసేస్తోంది. ఈ.కోలైలో దాని పేరు ఏసీఆర్ఏబీ-టోల్‌సీ. లోపలి పొరలో ఏసీఆర్‌బీ అనే ప్రోటీన్, బయటి పొరలో టోల్‌సీ అనే గొట్టం, రెంటినీ కలుపుతూ ఏసీఆర్ఏ. 2002లో జపాన్ శాస్త్రజ్ఞులు ఏసీఆర్‌బీ స్ఫటిక నిర్మాణాన్ని బయటపెట్టారు. మూడు ఒకేలాంటి భాగాలు పక్కపక్కన కూర్చుని వంతులవారీగా పనిచేస్తాయి. ఒకటి అణువును పట్టుకుంటుంది, ఒకటి పిండుతుంది, మూడోది గొట్టంలోకి వదులుతుంది. పొరకు అటూఇటూ ప్రోటాన్ల తేడాయే దానికి కరెంటు. రెండు పొరలూ దాటించి మందును కణం బయట పారేస్తుంది.

ఆ పంపు తోసేసేవాటి జాబితా చూడండి. టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్, సిప్రో వంటి ఫ్లోరోక్వినొలోన్లు, ఎరిత్రోమైసిన్, కొన్ని బీటాలాక్టమ్‌లు, రంగులు, సబ్బుల్లోని డిటర్జెంట్లు. జాబితాలో పైత్యరస లవణాలు కూడా ఉన్నాయి. ఈ పంపు పుట్టుకకు అసలు కారణం అక్కడ ఉంది. ఈ.కోలై ఇల్లు మన పేగు. పేగులోకి కాలేయం నుంచి వచ్చే పైత్యరసం కొవ్వును కరిగించినట్టే బ్యాక్టీరియా పొరనూ కరిగించగలదు. ఏసీఆర్‌బీ తీసేసిన ఈ.కోలై పైత్యరసానికి తట్టుకోలేదు. అంటే ఈ పంపు పుట్టింది మన మందుల కోసం కాదు. ఇనుమును వేటాడే అణువులను బయటికి పంపడానికి కొన్ని, రాగి, జింకు, కాడ్మియం వంటి లోహాలను వదిలించుకోవడానికి కొన్ని, పక్క కణాలకు సంకేతాలు పంపడంలో పాలుపంచుకునేవి కొన్ని, ఇలా బ్యాక్టీరియా బతుకులో ఈ యంత్రాలకు రకరకాల పాత్రలున్నాయి. 2001లో జపాన్‌లో ఈ.కోలైకి చెందిన, మందుల రవాణా చేస్తాయనిపించిన 37 జన్యువులను ఒక్కొక్కటిగా పరీక్షిస్తే వాటిలో 20 ఏదో ఒక మందుకో విషానికో నిరోధకత ఇచ్చాయి. బయటినుంచి ఏ కొత్త జన్యువూ రాకముందే, ఒక మామూలు బ్యాక్టీరియా దగ్గర ఇంత సరంజామా ఉంది.

సరంజామా ఉన్నంత మాత్రాన ఎప్పుడూ పూర్తిగా వాడదు. పంపు నడపడం ఖర్చు. అందుకే మార్‌ఆర్ వంటి నియంత్రక ప్రోటీన్లు ఆ జన్యువులను అదుపులో ఉంచుతాయి. ఆ నియంత్రకాన్ని చెడగొట్టే ఒక్క ఉత్పరివర్తనం (జన్యువులో మార్పు) జరిగితే చాలు, పంపులు లెక్కకు మించి తయారవుతాయి. మామూలు రోజుల్లో అలాంటి బ్యాక్టీరియా పక్కవాటితో పోటీలో కొంచెం వెనకబడుతుంది. నీటిలో మందు ఉన్నప్పుడు అదే ముందుకు దూకుతుంది.

ఎంత మందు ఉంటే? ప్రశ్న ఇదే, మీ ప్రమాణాలకు ఆయువుపట్టు కూడా ఇదే. బ్యాక్టీరియా పెరుగుదల ఆగాలంటే కావలసిన కనీస మోతాదును ఎంఐసీ అంటారు. దానికన్నా తక్కువ ఉంటే ఏమీ కాదని చాలాకాలం అనుకున్నారు. 2011లో స్వీడన్‌లోని ఉప్సాలా బృందం ఆ నమ్మకాన్ని లెక్కలతో చెరిపేసింది. సిప్రో, టెట్రాసైక్లిన్ మోతాదు ఎంఐసీలో కొన్ని వందల వంతుకు పడిపోయినా, నిరోధకత ఉన్న బ్యాక్టీరియా లేనిదాన్ని మెల్లగా పక్కకు నెట్టేస్తుందని చూపింది. ఎవరూ చావక్కర్లేదు. మందుకు లొంగే బ్యాక్టీరియా రవ్వంత నెమ్మదిగా పెరిగితే చాలు, తరం తర్వాత తరం ఆ తేడా పేరుకుంటుంది. ఇరవై నిమిషాలకో తరం మారగల జీవికి కాలం ఒక సమస్య కాదు.

పంపు ఇలాంటి పలచటి నీటికే తగిన యంత్రం. చిల్లుపడ్డ పడవలో కూర్చుని నీళ్లు తోడిపోసేవాడు పడవను ఎండబెట్టనక్కర్లేదు, మునగకుండా చూసుకుంటే చాలు. వరదలా మందు వచ్చి పడితే పంపు ఒక్కటే కణాన్ని కాపాడలేకపోవచ్చు. కొద్దికొద్దిగా వస్తే మాత్రం సునాయాసంగా కాపాడుతుంది. ఇప్పుడు 31 మిల్లీగ్రాముల కాలువను ఊహించుకోండి. గొట్టం మూతి దగ్గర చాలా బ్యాక్టీరియా చస్తుంది. కిందికి పోయేకొద్దీ నీరు కలిసి మోతాదు తగ్గుతుంది. వాగు, చెరువు, నది దాటేలోపు పదివేల రెట్లు పలచబడ్డా, ఆ దారి పొడవునా ప్రతి మోతాదూ ఏదో ఒకచోట ఉంటుంది. ఏ పంపుకు ఏ మోతాదు అనుకూలమో ఆ మోతాదు ఆ దారిలో ఎక్కడో సిద్ధంగా ఉంటుంది.

ఒక లెక్క. సిప్రో విషయంలో నిరోధకతను పెంచకుండా ఉండే స్థాయిగా శాస్త్రజ్ఞులు అంచనా వేసినది లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. 31 మిల్లీగ్రాములంటే 31,000 మైక్రోగ్రాములు. ఆ నీరు ఒక లీటరును సురక్షిత స్థాయికి తేవాలంటే దాదాపు 4.8 లక్షల లీటర్ల మంచినీళ్లు కలపాలి. మన వాగుల్లో ఎండాకాలం అన్ని నీళ్లు ఎక్కడున్నాయి?

ఇంకో లెక్క. లోతట్టు జలాల్లోకి వదిలే నీటికి సాధారణ సీఓడీ పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల సిప్రో ఉంటే, రసాయన సూత్రం ప్రకారం అది జోడించే సీఓడీ 50 మిల్లీగ్రాములకు అటూఇటూ. అంటే రోగి రక్తంలోకన్నా పదిరెట్లు సిప్రో ఉన్న నీరు కూడా, మిగతావి బాగుంటే, మీ సీఓడీ పరీక్షలో దర్జాగా పాసైపోవచ్చు. లీటరుకు 0.064 మైక్రోగ్రాముల సంగతి చెప్పనే అక్కర్లేదు. కాగితం మీద అన్నీ ఆకుపచ్చ టిక్కులే ఉండగా చెరువు నిరోధక బ్యాక్టీరియాకు పెంపకకేంద్రం కావచ్చు. మీ అధికారులు నిజాయతీగా, రోజూ తిరిగి నమూనాలు తీసినా సరే.

పంపు వల్ల వచ్చే నిరోధకత స్వల్పమే కదా, ఎంఐసీ రెండింతలో ఎనిమిదింతలో పెరుగుతుంది, డాక్టరు మోతాదు పెంచితే సరిపోతుంది కదా అని మీ సలహాదారుల్లో ఎవరైనా అనవచ్చు. విన్నమాటే. దానికి మూడు జవాబులున్నాయి, మూడూ ప్రయోగశాలలో తేలినవే.

సిప్రోకు పూర్తిగా లొంగకపోవడం జరిగేది ఆ మందు పట్టుకునే ఎంజైము మారినప్పుడు. 2000లో లెవీ ప్రయోగశాల నుంచి వచ్చిన ఒక పరిశోధనలో, అలా ఎంజైము మారిన ఈ.కోలై నుంచి ఏసీఆర్ఏబీ పంపును తీసేసి చూశారు. నిరోధకత చాలావరకు కూలింది. అంటే పంపు చిన్న పాత్రధారి కాదు, పెద్ద మార్పు కూడా దాని భుజమ్మీదే నిలబడుతుంది. రెండోది 2018 నాటిది. ఒకే జన్యువులున్న బ్యాక్టీరియా గుంపులో కూడా కొన్ని కణాల్లో పంపులు ఎక్కువ ఉంటాయి, కొన్నింట్లో తక్కువ. పంపులు ఎక్కువున్న కణాల్లో డీఎన్ఏ తప్పులను సరిచేసే మ్యూట్‌ఎస్ అనే ప్రోటీను తక్కువగా ఉందని, వాటిలో ఉత్పరివర్తనాలు ఎక్కువని తేలింది. బతికి ఉండేవి అవే, కొత్త మార్పులు తెచ్చుకునేవీ అవే. మూడోది 2019లో ఫ్రాన్స్ నుంచి వచ్చింది, నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. ఒక బ్యాక్టీరియా మరొకదానికి ప్లాస్మిడ్ (కణం నుంచి కణానికి పోగల చిన్న డీఎన్ఏ ముక్క) ద్వారా టెట్రాసైక్లిన్ నిరోధక జన్యువును అందిస్తోంది. చుట్టూ నీటిలో టెట్రాసైక్లిన్ ఉంది. ఆ మందు ప్రోటీన్ల తయారీనే ఆపేస్తుంది కాబట్టి, కొత్త జన్యువు చేతికందినా దాన్ని వాడే అవకాశం ఉండకూడదు. కానీ ఏసీఆర్ఏబీ-టోల్‌సీ పంపు మందును కొంత తోడేస్తూ ఉండటంతో, ఆ కాస్త వెసులుబాటులో కణం కొత్త ప్రోటీనును తయారు చేసుకుంది. పంపు లేని కణాలకు అది చేతకాలేదు. మందు, రకరకాల బ్యాక్టీరియా, ప్లాస్మిడ్‌లు ఒకేచోట కలిసే స్థలం ఏదని అడిగితే, మందుల పరిశ్రమల వ్యర్థజలాలను మురుగునీటితో కలిపి శుద్ధిచేసే ట్యాంకు కన్నా సరైన జవాబు నాకు తట్టదు. 2013లో పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి తీసిన బ్యాక్టీరియా రకాల్లో 86 శాతం 20 లేదా అంతకన్నా ఎక్కువ యాంటీబయాటిక్‌లకు లొంగలేదని ఒక అధ్యయనం ప్రచురితమైంది.

మీ పాత ముసాయిదాను నేను సమర్థిస్తున్నాను గాని, అందులోనూ ఒక లోటు ఉంది. అది మందుకు మందుకు విడివిడిగా పరిమితి పెట్టింది. పంపుకు అలాంటి విభజన తెలియదు. అయిదు మందులు ఒక్కొక్కటి పరిమితికి లోపలే ఉన్నా, అయిదూ కలిసి ఒకే పంపుకు పని కల్పించవచ్చు. మందులే కాదు. బల్క్‌డ్రగ్ తయారీలో టన్నులకొద్దీ ద్రావకాలు వాడతారు. ఈ.కోలైలో ఏసీఆర్ఏబీ పంపు ఎక్కువైతే సైక్లోహెక్సేన్ వంటి ద్రావకాన్ని కూడా తట్టుకుంటుందని 1990ల నుంచీ తెలుసు. సూడోమోనాస్ పుటిడా అనే నేల బ్యాక్టీరియాలో టోలీన్‌ను తోసేసే పంపులున్నాయి. వాటిలో ఒకటైన టీటీజీఏబీసీ యాంటీబయాటిక్‌లనూ తోసేస్తుంది. కాబట్టి యాంటీబయాటిక్ తయారుచేయని ఫ్యాక్టరీ ద్రావకాలు కూడా, యాంటీబయాటిక్‌ను ఎదిరించే బ్యాక్టీరియాకు మేలు చేయగలవు. ఆసుపత్రి క్రిమిసంహారకాల్లో వాడే క్వాటర్నరీ అమ్మోనియం పదార్థాలను తోసేసే క్యూఏసీ పంపులదీ ఇదే ధోరణి. మీ ప్రమాణాల పుస్తకంలో ద్రావకాలు ఒక పేజీలో, మందులు ఇంకో పేజీలో ఉండవచ్చు. బ్యాక్టీరియాకు ఒకటే పేజీ.

ఒక పంపు చికిత్సను ఎంత దెబ్బతీయగలదో చెప్పడానికి క్షయను ఉదాహరణగా తీసుకుంటాను. ఇది కాలువ నీటి వల్ల వచ్చినది కాదని ముందే చెబుతున్నాను, ఎవరూ అపార్థం చేసుకోవద్దు. మొండి క్షయకు బెడాక్విలిన్ చాలాకాలం తర్వాత వచ్చిన కొత్త రకం మందు, మన దేశంలో 2016 నుంచి ఇస్తున్నారు. ఆర్‌వీ0678 అనే ఒక నియంత్రక జన్యువు చెడితే ఎంఎంపీఎల్5 అనే పంపు అదుపు తప్పుతుంది, బెడాక్విలిన్ పట్టు సడలుతుంది. కుష్ఠు చికిత్సలో దశాబ్దాలుగా వాడుతున్న క్లోఫజిమిన్ కూడా అదే పంపు దారిన బయటికి పోతుంది. బెడాక్విలిన్ ఎన్నడూ వాడని రోగుల్లో కూడా ఈ మార్పులు కనిపించాయి. చెడిన జన్యువు ఒకటి, పోయేవి రెండు మందులు.

పంపును ఆపే మందు కనుక్కోవచ్చు కదా అంటారు. ప్రయత్నాలు రెండు దశాబ్దాలకు పైగా నడుస్తున్నాయి. 2001 ప్రాంతంలో వచ్చిన పీఏబీఎన్ అనే, పంపును ఆపే పదార్థం ప్రయోగశాలలో బాగా పనిచేసింది, విషగుణం వల్ల రోగి దాకా రాలేకపోయింది. ఇప్పటిదాకా పంపును ఆపే ఏ మందూ యాంటీబయాటిక్‌కు తోడుగా ఆసుపత్రి వాడకంలోకి రాలేదు. కణం తన బతుకుకు వాడుకునే యంత్రాన్ని, మన కణాలకు హాని లేకుండా, అన్ని రకాల బ్యాక్టీరియాలోనూ ఆపడం తేలిక కాదు. మందు నీటిలోకి పోకుండా గొట్టం దగ్గర ఆపడం దానికన్నా ఎంతో సులువు.

పరిశ్రమ ఏమంటుందో తెలుసు. ఖర్చు పెరుగుతుంది, చైనాతో పోటీ పడలేం, చవక మందులు దొరకవు. ఈ వాదనను నేను కొట్టిపారేయను. హైదరాబాదులో, విశాఖలో తయారయ్యే మందులు పేద దేశాల ప్రాణాలు నిలబెట్టాయి, వేలమంది తెలుగువాళ్లకు కూడు పెట్టాయి. అయితే 2022లోనే మందుల కంపెనీల కూటమి ఒకటి తనంతట తానుగా యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలకు ప్రమాణం రాసుకుంది. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్రవ, ఘన వ్యర్థాలు రెంటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. కంపెనీలే ఒప్పుకుంటున్న అంకెలను చట్టంలో రాయడానికి ప్రభుత్వం వెనకాడటం విడ్డూరం. ఇక ‘మాది చుక్కనీరు బయటికి వదలని ప్లాంటు’ అనేవాళ్లను, నీరు ఇగిర్చాక మిగిలే ఉప్పు, బురద ఎక్కడికి పోతున్నాయో అడగండి. మందు ఆవిరైపోదు.

నేను కోరేవి చాలా లేవు. యాంటీబయాటిక్‌ల పట్టికను తిరిగి తెండి. ఈసారి పరిమితులను బ్యాక్టీరియాను చంపే మోతాదును బట్టి కాక, నిరోధకతను పెంచే మోతాదును బట్టి నిర్ణయించండి. ఒకే గొట్టంలోంచి పలు మందులు, ద్రావకాలు వచ్చేచోట ఉమ్మడి భారాన్ని లెక్కలోకి తీసుకోండి. నమూనాను ఫ్యాక్టరీ గోడ దగ్గరే తీయండి, మురుగునీటితో కలిపి పలచబరిచాక తీసి లాభం లేదు. మండలి ప్రయోగశాలల్లో మైక్రోగ్రాము కన్నా తక్కువను కొలిచే ద్రవ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ పరికరాలు, వాటిని నడిపే మనుషులు ఉండేలా చూడండి. ఫలితాలను జనం చూసేచోట పెట్టండి. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్‌డ్రగ్ పార్కు రాబోతోంది. పటాన్‌చెరు నీళ్ల మీద 1990లో సుప్రీంకోర్టు గడప తొక్కిన కేసు హరిత ట్రిబ్యునల్ తీర్పు దాకా రావడానికి పావుశతాబ్దం దాటింది. నక్కపల్లికి ఆ వరస పట్టకుండా, అనుమతుల కాగితంలోనే ఈ అంకెలు రాయవచ్చు. గొట్టాలు వేశాక రాయడం ఎంత కష్టమో మీకు నాకన్నా బాగా తెలుసు.

చివరగా ఒక ప్రశ్నకు మాత్రం రాతపూర్వకంగా జవాబు కావాలి. 2020 ముసాయిదాలోని 121 మందుల పట్టిక 2021 ఆగస్టు నాటికి ఎందుకు మాయమైంది, ఏ శాస్త్రీయ అభిప్రాయం మీద, ఎవరి అభ్యంతరాల మీద? ఆ ఫైలులోని నోటింగులు ప్రజల ముందు పెట్టండి.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజీ అధ్యాపకుడు